యాభై కాపీల ఆసామి

సెప్టెంబరు వచ్చిందంటే మా తోడల్లుడు బ్యాంకుకెళ్లి చిల్లర తెచ్చుకుంటాడు. ఇరవైలు పనికిరావు, వందలు అసలే పనికిరావు. అన్నీ ఐదులూ ఒకట్లూ కావాలి. ఆ కట్ట జేబులో దోపుకుని, రెండు ఖాళీ గుడ్డసంచులు భుజానికి తగిలించుకుని, శనివారం పొద్దున్నే రెడ్ లైన్ మెట్రో ఎక్కుతాడు. తెలియనివాళ్లు చూస్తే రైతుబజారుకి బయల్దేరాడనుకుంటారు. ఆయన వెళ్లేది వాషింగ్టన్ పొలిమేరలో, నార్త్ బెథెస్డాలోని ఒక హోటల్ హాల్లో రెండు రోజులు జరిగే స్మాల్ ప్రెస్ ఎక్స్‌పోకి.

1994లో మొదలైన సంత అది. పెద్ద కంపెనీల కండల వీరులకి అక్కడ పనిలేదు. తమ బొమ్మల కథ తామే గీసుకుని, తామే అచ్చేసుకుని, తామే పిన్నులు కొట్టి, తామే బల్ల వెనక కూర్చుని అమ్ముకునేవాళ్లు వందల మంది వస్తారు. ఆ మాటకొస్తే మనకిదేం వింత కాదు. లిఖిత పత్రికలు నడిపిన మాస్టార్లూ, గుజిలీ ప్రతులు తిరునాళ్లలో పరుచుకుని అమ్మినవాళ్లూ మనకూ ఉన్నారు. మనకి లేనిదల్లా, అలాంటివి కొని తెచ్చి ఇంటింటికీ తిరిగి బలవంతాన చదివించే మా తోడల్లుడు. ఆ లోటు కూడా మేరీల్యాండ్ తెలుగువాళ్లకి తీరిపోయింది.

ఆయన మా ఆవిడ అక్కగారి భర్త. నాకు వరసకి అన్నయ్య. పగలు డేటాబేసులు చూసుకునే ఉద్యోగం, సాయంత్రం నడక, ఆదివారం గుడి. ఏడాదిలో పదకొండున్నర నెలలు బుద్ధిమంతుడే. మిగిలిన ఆ అర నెల కోసం ఒకసారి నన్నూ వెంట తీసుకెళ్లాడు.

"తమ్ముడూ, వెళ్లగానే కొనెయ్యకు" అన్నాడు మెట్రోలోనే. మొదటి చుట్టు చేతులు వెనక్కి కట్టుకుని ఊరికే తిరగాలట, గుళ్లో ప్రదక్షిణంలాగా. రెండో చుట్టులో కాగితం ముట్టుకోవచ్చు. సంచీ విప్పడం మూడో చుట్టులోనే. ఒక బల్ల ముందు పాతికమంది బారులు తీరి ఉంటే నేను ఆగబోయాను. చెయ్యి పట్టుకుని లాగేశాడు. "క్యూ ఉందంటే ఎవరో కనిపెట్టేశారని అర్థం. ఇంక మనకక్కడ పనేముంది?" అన్నాడు. ఆయన చూపంతా గోడవారన, బాత్రూములకెళ్లే దారిలో, ఎవరూ ఆగని బల్లల మీదే.

చివరికి అలాంటిదొకటి దొరికింది. బల్ల కూడా కాదు, సగం బల్ల. తక్కిన సగం ఇంకెవరిదో. వెనక ఇరవై ఏళ్ల పిల్ల. ముందు అరచేయంత పుస్తకాలు ఒక దొంతర, పక్కన అట్టముక్క మీద మూడు డాలర్లని రాసి ఉంది. అన్నయ్య ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఆ పిల్ల వెంటనే తల దించుకుని ఏదో బొమ్మ గీస్తున్నట్టు నటించింది. పెన్సిలు మాత్రం కదలడం లేదు.

ఈ సంతలో ఇబ్బందంతా ఇక్కడే. షాపులో అయితే నచ్చని పుస్తకం తీసినచోట పెట్టేసి వచ్చేస్తాం, రాసినాయన ఏ ఊళ్లోనో కాలు మీద కాలేసుకుని ఉంటాడు. ఇక్కడ రాసిన మనిషి, గీసిన మనిషి, మడతలు పెట్టిన మనిషి ఒక్కరే. ఆ ఒక్క మనిషీ మనకి మూడడుగుల దూరంలో ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. అచ్చం పెళ్లిచూపులే. బజ్జీలు తిని, కాఫీ తాగి, "ఇంటికెళ్లి ఉత్తరం రాస్తాం" అని లేచి రావడం ఎంత కష్టమో, ఆ పుస్తకం కింద పెట్టడం అంత కష్టం. నేను అప్పటికే మొహమాటానికి అయిదు కొని ఉన్నాను. మా అన్నయ్యకి మొహమాటం తెలియదు. మాటల్లేని బొమ్మలు, ఎనిమిది పేజీలు. చదవడానికి పది నిమిషాలు తీసుకున్నాడు. మొదటికొచ్చి మళ్లీ చదివాడు. అప్పుడు తలెత్తి, ఎన్ని కాపీలు వేశావని అడిగాడు.

"యాభై" అందా పిల్ల.

ఆయన మొహం చూడాలి మీరు! తాతలనాటి యాభై ఎకరాలూ కోర్టులో గెలిచి చేతికొచ్చినంత వెలుగు. మూడు కాపీలు కొన్నాడు. ఒకటి చదువుకోవడానికి, ఒకటి చదివించడానికి, ఒకటి ఎవరూ ముట్టుకోకుండా దాచడానికి.

తిరుగు ప్రయాణంలో రెండు వేళ్లు నా కళ్లముందు పెట్టాడు. వాటికి గులాబీ రంగు అంటి ఉంది. "రిసో!" అన్నాడు, అమ్మవారి కుంకుమ చూపించినట్టు. రిసోగ్రాఫ్ జపాన్ వాళ్ల యంత్రం. పైకి జిరాక్స్ మిషన్‌లాగే ఉంటుంది, లోపల మాత్రం మన పాత సైక్లోస్టైలే. చిల్లులు పడిన స్టెన్సిల్ ఒక డ్రమ్ముకి చుట్టుకుంటే, సిరా ఆ చిల్లుల్లోంచి కాగితం మీదికి దిగుతుంది. బడులూ ఆఫీసులూ చవగ్గా వేల కాగితాలు తీసుకోవడానికని చేసింది. రంగులు విడివిడిగా దిగుతాయి కనక ఒకదాని మీద ఇంకొకటి కుదురుగా కూర్చోదు. సిరా ఓ పట్టాన ఆరదు. బొమ్మలవాళ్లు సరిగ్గా ఈ రెండు లోపాలు చూసే దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. "చూడు, గులాబీ అర మిల్లీమీటరు జరిగింది. మనిషి చెయ్యి పడ్డట్టు తెలియడం లేదూ?" అన్నాడు. మా చిన్నప్పుడు అగ్గిపెట్టె లేబులు మీద పులి ఒకచోట, దాని కళ్లు ఇంకోచోట ఉండేవి. పాపం, శివకాశీ వాళ్లని ఊరికే ఆడిపోసుకున్నాం.

ఇంట్లో మా వదినగారి కష్టం వేరు. బేస్‌మెంట్‌లో ఆవకాయ జాడీలుండాల్సిన అరల్లో ఈ పుస్తకాలే. వెన్నులేని పుస్తకాలు కనక నిలబడవు, పడుకుంటాయి. ఒకటి లాగితే పది జారతాయి. రీసైక్లింగ్ డబ్బా బయటే ఉందని ఆవిడ గుర్తు చేసినప్పుడల్లా ఆయన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌ని సాక్ష్యానికి పిలుస్తాడు. అబద్ధం కాదు. 2011 నుంచి ఆ గ్రంథాలయం ఈ ఎక్స్‌పో పుస్తకాలని సేకరించి భద్రపరుస్తోంది. "అయితే వాళ్లకే ఇచ్చెయ్యండి. గవర్నమెంటు ఇల్లు మనింటికంటే పెద్దది" అంటుందావిడ. 1968లో రాబర్ట్ క్రంబ్ తన బొమ్మల పుస్తకం 'జాప్' మొదటి సంచికని పిల్లల బండిలో పెట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కో వీధుల్లో అమ్మిన కథ చెబితే, "బండి నిండా పుస్తకాలుంటే మరి పిల్లాణ్ణి ఎవరెత్తుకున్నారు?" అంది. ఆ ప్రశ్నకి చరిత్రకారులెవరూ జవాబు చెప్పినట్టు లేదు.

ఇటుక సంగతైతే మరీ. శనివారం రాత్రి అక్కడ ఇగ్నాట్జ్ బహుమతులిస్తారు, 1997 నుంచీ ఉన్నాయి. జార్జ్ హెరిమన్ గీసిన 'క్రేజీ క్యాట్' బొమ్మల్లో ఇగ్నాట్జ్ అనే ఎలుక పిల్లి నెత్తిన ఇటుక విసురుతూ ఉంటుంది, ఆ వెర్రి పిల్లి దాన్ని ప్రేమ అనుకుంటుంది. అందుకని గెలిచినవాళ్లకి ఇచ్చేది ఇటుకే. వెండిదీ కాదు, ఇత్తడిదీ కాదు, గోడకట్టే ఇటుక. ఎవరికివ్వాలో తేల్చేది ఎక్స్‌పోకి వచ్చిన జనం ఓట్లు. మా అన్నయ్య పంచాయతీ ఎన్నికంత గంభీరంగా ఓటేసి వస్తాడు.

"ఇన్నేళ్లుగా పోతున్నారు, మీకొక్క ఇటుకైనా రాలేదే?" అంది వదినగారు ఓ రోజు.

"నేను గీయను కదే, చదువుతాను."

"నాలుగొస్తే తులసికోట కట్టించుకుందామనుకున్నా."

ఆయన చదివితే ఎవరికీ నష్టం లేదు. చదివించడంతోనే వస్తుంది తంటా. పుస్తకం మన చేతికిచ్చి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. మనం బొమ్మలు చూస్తుంటే ఆయన మన మొహం చూస్తుంటాడు. "ఏ పేజీలో ఉన్నావు?" "నాలుగు." "మరి నవ్వలేదేం?" మళ్లీ మూడో పేజీకి పోయి నవ్వి రావాలి. ఒకాయన గిన్నెలు తోముతున్న బొమ్మలు ఇరవై నాలుగు పేజీలు చూశాక, "ఇందులో కథ లేదేమిటి అన్నయ్యగారూ?" అని అడిగాను. "అదే కథ" అన్నాడు. మా ఆవిడ తెలివైంది. "బావా, ఇది ఇంటికి తీసుకెళ్లి నిదానంగా చదువుతాను" అంటుంది. ఎరువిచ్చిన పుస్తకం కనక ఆయన కాదనలేడు. ఆ రాత్రి నుంచి మొదలు ఫోన్లు.

ఈయన తెచ్చేవి పదిలో ఏడు పసలేనివి. బొమ్మ రాదు, కథ రాదు, బాధ మాత్రం బోలెడంత. ఇంకో రెండు పర్వాలేదు. ఒక్కటి మాత్రం ఉంటుంది, అది చదివితే ఆ రాత్రి నిద్ర పట్టదు. ఆ ఒక్కదాని కోసమే మేమెవరమూ ఆయన ఫోను ఎత్తకుండా ఉండలేకపోతున్నాం. కానీ ఏడున్నాయని ఆయనచేత ఒప్పించడం బ్రహ్మతరం కాదు.

తను కనిపెట్టినవాళ్లకి పేరొస్తే ఇంకో గొడవ. వాళ్ల చిన్నమ్మాయి బడి లైబ్రరీ నుంచి రైనా టెల్గమైర్ 'స్మైల్' తెచ్చుకుంది. 2010లో వచ్చిన పుస్తకం, ఇక్కడ ఆడపిల్లల బడిసంచుల్లో ఎక్కడ చూసినా అదే. అది చూసి అన్నయ్య నిట్టూర్చాడు. "ఈవిడ 'టేకౌట్' అని చిన్న చిన్న మినీ కామిక్కులు సొంతంగా వేసుకుని అమ్ముకునే రోజుల్లో ఎవరికి తెలుసు? మాలాంటి నలుగురికి!" అన్నాడు. ఆవిడ అవి అమ్ముకున్న మాట నిజమే. కాకపోతే ఆ రోజుల్లో మా అన్నయ్య అమీర్‌పేటలో ఒరాకిల్ కోర్సు చేస్తున్నాడు.

వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం నాడు ఎవరో ఆ ఎనిమిది పేజీల పుస్తకం ఎలా చేస్తారని అడిగారు. అడక్కుండా ఉండాల్సింది. చేతికందిన కాగితం తీసి మూడు మడతలు పెట్టాడు, విప్పాడు, నడిమధ్యన ఒక్క గంటు కత్తిరించాడు, రెండు వైపుల నుంచీ నొక్కాడు. పిన్ను లేదు, జిగురు లేదు, ఎనిమిది పేజీల పుస్తకం తయారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ కాగితం పంతులుగారి పూజసామాను జాబితా. సగం పేజీలు తలకిందులు, తమలపాకులు ముందు పేజీలో, వాటి లెక్క వెనక పేజీలో. పంతులుగారు కలశం దగ్గర పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ, "పసుపు ఏ పేజీలో ఉంది బాబూ?" అని అడుగుతుంటే అన్నయ్య మాత్రం ఆయన మొహం చూస్తూ కూర్చున్నాడు, నవ్వుతాడేమోనని.

అంతటి మనిషికీ మా అత్తగారు తగిలారు.

ఆవిడ మా ఇద్దరికీ అత్తగారు. తెనాలి నుంచి ఆరు నెలల కోసం వచ్చారు. ఇంగ్లీషు రాదు, చెవికి మిషను. రాత్రి భోజనాల దగ్గర అల్లుడుగారు రిసో సిరా గురించి చెబుతుంటే చిరునవ్వుతో తలూపుతూ ఎంతో ఓపిగ్గా వినేవారు. "చూడు, పెద్దావిడకున్న ఆసక్తి మీకెవరికీ లేదు" అని ఆయన మమ్మల్ని దెప్పేవాడు. ఆ ఉత్సాహంలోనే, మాటల్లేనిది కదా అని, యాభై కాపీల పుస్తకం ఆవిడ చేతికిచ్చాడు.

కథ ఇది. ఒక ముసలావిడ ఇంటికి చుట్టం వస్తుంది. చుట్టం నోట్లోంచి వచ్చే మాటల బుడగ నిండా గీతలే గీతలు, ఒక్క అక్షరం లేదు. ముసలావిడ నెమ్మదిగా చెవి దగ్గరికి చెయ్యి పోనిస్తుంది. తరవాతి బొమ్మలో బుడగ ఖాళీ. ఆ పై బొమ్మలో బుడగలో నీళ్లు, నీళ్లలో చిన్న పడవ. పేజీలు తిరిగేకొద్దీ చుట్టం చేతులు తిప్పుతూనే ఉంటుంది, పడవ సాగుతూనే ఉంటుంది. చుట్టం వెళ్లిపోయాక ముసలావిడ మళ్లీ చెవి తాకుతుంది. చివరి పేజీలో పొయ్యి మీద కెటిల్ ఈల వేస్తోంది, ఆవిడ కళ్లు మూసుకుని వింటోంది.

అత్తగారు కళ్లద్దాలు తీసి, కొంగుతో కళ్లు ఒత్తుకుని మరీ నవ్వారు. "ఈ పిల్ల మనింటికెప్పుడొచ్చిందర్రా?" అన్నారు. భోజనాల దగ్గర ఆవిడ చెయ్యి మాటిమాటికీ చెవి మీదికెందుకు పోయేదో నాకప్పుడు అర్థమైంది. అన్నయ్యకి అర్థమైందో లేదో నేనడగలేదు. "1947లో నాగిరెడ్డి గారితో కలిసి చందమామ పెట్టిన చక్రపాణి గారిది మా ఐతానగరమే. బొమ్మల కథలు మాకు కొత్తా?" అని కూడా అన్నారావిడ.

మర్నాడు పార్కుకి నడకకెళ్తూ ఆవిడ ఒక కాపీ పట్టుకెళ్లారు. శుభ్రంగా ఉందని కవర్లో ఉన్నదే తీశారు, అంటే ఎవరూ ముట్టుకోకూడని కాపీ. పార్కులో ఆ వేళకి కూతుళ్ల ఇళ్లకి వచ్చిన అమ్మలందరూ ఉంటారు. గుజరాతీ అమ్మ, తమిళ అమ్మ, ఒంగోలు అమ్మ. పుస్తకానికి భాష లేదు, చెవి మిషన్లు చాలామందికున్నాయి. రెండు వారాల్లో అది ఎన్ని ఇళ్లు తిరిగిందో లెక్క లేదు. అన్నయ్య పన్నెండేళ్లలో తిప్పలేనంత తిరిగింది. ఒక్కరి ఎదుటా కుర్చీ వేసుకుని కూర్చోకుండానే. చివరికి బాదంపప్పుల ప్యాకెట్టుకీ, నొప్పుల మందుకీ మధ్య సూట్‌కేసులో తెనాలి చేరింది.

మొన్న సెప్టెంబరులో ఆ పిల్ల బల్ల ముందు పాతికమంది క్యూ కట్టారు. అన్నయ్య ఆ క్యూలో ఆఖర్న నిలబడి కొత్త కాపీ తెచ్చుకున్నాడు. రెండో ముద్రణ, మూడొందలు వేసిందట. గులాబీ రంగు ఎక్కడా జరగలేదని వారం రోజులు దిగులుగా ఉన్నాడు.

మొదటి ముద్రణ కాపీ తెనాలిలో ఉంది, మూల మీద పసుపు మరకతో. చూడాలనుకున్నవాళ్లు వెళ్లి మా అత్తగారిని అడగండి, కాస్త గట్టిగా.