మా రోజుల్లో నీడ నల్లగా ఉండేది

ఫోను పైకెత్తడం, నొక్కడం, పక్క చెట్టుకి పోవడం. ఇదా అబ్బయా, నేలపట్టులో ఫొటో తీయడమంటే?

చెరువు నీళ్లలో నిలబడ్డ ఆ నీటి కడప చెట్లని ఎప్పుడైనా నింపాదిగా చూశావా? కొమ్మల గుబురు కింద పట్టపగలే మునిమాపు. పైనేమో తెల్ల కంకణాలు, గూడబాతులు ఎండకి మిలమిలా మెరుస్తుంటాయి. రెక్కకీ మానుకీ ఆరు స్టాపుల తేడా వచ్చిందంటే, వెలుతురులో అరవై నాలుగింతల తేడా. దాన్నంతా ఒక్క ఫిల్ము ముక్కలో ఇమడ్చాలి. 1976లో నేలపట్టుని పక్షుల అభయారణ్యం చేసినప్పుడు అది మా నెల్లూరు జిల్లాలో ఉండేది. 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు. నా నోట మాత్రం ఇప్పటికీ నెల్లూరు నేలపట్టే.

మా రోజుల్లో యాషికా డబ్బా కెమెరా, అందులో 120 రోలు, పన్నెండంటే పన్నెండు ఫొటోలు. ఊటీలో తయారైన ఇందు రోలు దొరికితే అది, లేకుంటే జర్మనీ ఓర్వో. లైటు మీటరు కొనే స్తోమత యాడిది? అరచెయ్యి నీడలో పెట్టి, గీతలు ఎంత తేటగా కనపడుతున్నాయో చూసుకునేవాళ్లం. నీడకి సరిపడా ఎక్స్‌పోజరు ఇవ్వాలి, వెలుగుని డెవలపింగులో అదుపు చెయ్యాలి. అమెరికాలో యాన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో దీన్నే జోన్ సిస్టమ్ అని పాఠంగా కట్టారు. మాకు పని నేర్పిన స్టూడియో ఆయనకి ఆ పేర్లు తెలీవు, పని తెలుసు. డి-76 డెవలపరులో సగానికి సగం నీళ్లు కలిపి, దానికి రాసిన టైముకన్నా కాస్త ముందే ఫిల్ము తీసేసేవాడు. ఎర్రలైటు కింద ట్రేలో కాయితం మీద ముందు మాను తేలేది, తర్వాత కొమ్మలు, చిట్టచివరికి రెక్క మీద ఈకల గీతలు. ఒక్క ప్రింటుకి సాయంత్రమంతా పట్టేది. పట్టనీ!

మీ డిజిటల్‌లో లెక్క తిరగబడింది. కాలిపోయిన తెలుపు మళ్లీ రాదు, నీడలో దాగింది కొంత పైకి లాగొచ్చు. అందుకే ఫోను నాలుగైదు ఫొటోలు చకచకా తీసి ఒకటిగా కలిపేస్తుంది. పనితనం ఉంది, కాదనను. మా ప్రింటులో ఎప్పుడూ రాని గూటి పుల్లలు అందులో కనపడితే నేనూ పెద్దది చేసి చూశా. కానీ అడవేదీ? నీడనీ వెలుగునీ ఒకే మట్టం చేసేసి, చెరువుని తెచ్చి పెళ్లిపందిరి లైట్ల కింద పెట్టినట్టుంది.

మబ్బు కోసం ఆగొచ్చు కదయ్యా! ఈ తీరానికి పక్షులు దిగేదీ అక్టోబరులోనే, ఈశాన్య రుతుపవనం వచ్చేదీ అప్పుడే. సూర్యుడికి పల్చటి మబ్బు అడ్డమొస్తే చాలు, రెక్కకీ మానుకీ రాజీ కుదురుతుంది. అంతదాకా మేం కట్ట మీద పెరుగన్నం మూట విప్పుకుని కూర్చునేవాళ్లం. మీరు కారు ఇంజనే ఆపరు!

ఈసారి వానలు మొదలయ్యాక రా. ఫోనులో ఫొటోలు కలిపేసే ఆ హెచ్‌డీఆర్ ఆపెయ్. తెల్ల రెక్క మీద వేలు పెట్టి వెలుతురు తగ్గించు, మానుని నల్లగానే వదిలెయ్. దొరవారిసత్రంలో దిగు, అక్కణ్ణించి నేను తీసుకుపోతా. పెరుగన్నం కూడా నేనే తెస్తా.