వంటింటి నుంచి మడమ కిందికి

నన్ను చేసిన వడ్రంగికి నా భవిష్యత్తు మీద పెద్ద ఆశలేమీ లేవు. ఆత్మకూరులో చిన్న కొట్టు, ఒక లేత్ మిషను, మంచం కోళ్లకు పోగా మిగిలిన చెక్కముక్క. అది నల్లమల టేకు. అడవి నుంచి ఆ కొట్టు దాకా ఏ దారిన వచ్చిందో ఆయన చెప్పలేదు, మీరూ అడక్కండి. చపాతీ కర్రగా పుట్టాను, చపాతీ కర్రగానే పోతాననుకున్నాను.

కర్నూలు వైపు ఇళ్లల్లో నాకు పని తక్కువ. అక్కడ పొద్దుగూకితే జొన్నరొట్టె. దాన్ని చేత్తో తడతారు, కర్రతో వత్తరు. అలాంటి ఇంట్లోంచి నేను అమెరికా ఎందుకొచ్చానంటే, 1999లో కూతురు విమానమెక్కేటప్పుడు వాళ్లమ్మ "ఆ దేశంలో జొన్నపిండి దొరుకుతాదో లేదో, గోధుమపిండన్నా ఉంటాది" అంటూ ప్రెషర్ కుక్కరుకీ ఊరగాయ సీసాలకీ మధ్య ఉన్న సందులో నన్ను దూర్చింది. అలా నార్త్ కరోలినాలోని క్యారీ చేరాను.

క్యారీ పక్కనే 1959లో పెట్టిన రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కు ఉంది. దాని ఉద్యోగాలతో పాటే ఊరూ పెరిగింది. 2020 లెక్కల నాటికి జనాభా లక్షా డెబ్బై నాలుగు వేలు దాటింది. అందులో మనవాళ్లెంతమందో తెలియాలంటే 2009లో తెరిచిన వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లి చూడాలి. 2022 దీపావళికి దాని 87 అడుగుల రాజగోపురాన్ని రాష్ట్ర గవర్నర్ రాయ్ కూపర్ వచ్చి ప్రారంభించాడు. నేనా గోపురాన్ని చూడలేదు. ఆ గుడి నేల ఎంత గట్టిదో మాత్రం నాకు బాగా తెలుసు. ప్రదక్షిణాలు చేసి వచ్చిన ఆ కూతురి మడమ చెప్పింది.

ఆమె మడమకూ నాకూ చుట్టరికం ఎలా కలిసిందో చెబుతాను.

ఆమె తల్లి శివరాత్రికి శ్రీశైలం నడిచి వెళ్లే మనిషి. ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో అడవిలోకి దిగితే నాగలూటి వీరభద్రుడి గుడి, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం, ఆ తర్వాత మల్లన్న. దాదాపు నలభై కిలోమీటర్ల దారి. అంతా పులుల అడవి, మామూలు రోజుల్లో ఎవరినీ పోనివ్వరు. శివరాత్రికీ ఉగాదికీ ముందు కొన్నాళ్లు మాత్రం అటవీశాఖ దారి తెరుస్తుంది. శివరాత్రికి మనవాళ్లు ఎక్కువ, ఉగాదికి కన్నడిగులు ఎక్కువ. ఆ తల్లికి మోకాళ్లు అరిగాయి. ఇక నావల్ల కాదే అని ఫోనులో ఏడ్చింది. "ఊరుకోమ్మా, నీ బదులు నేను నడుస్తాలే" అని కూతురు అనేసింది. ఏడుపు ఆపడానికి అన్నమాట మొక్కై కూర్చుంది.

ఆమెకు యాభై దాటాయి. రోజంతా కంప్యూటరు ముందు ఉద్యోగం. అలాంటి మనిషి మాట ఇచ్చిన వారానికే అమెరికన్ టొబాకో ట్రెయిల్ మీద పడింది. ఒకప్పుడు పొగాకు కంపెనీ సరుకు మోసిన రైలు దారి అది. పట్టాలు తీసేసి నడిచేవాళ్లకూ సైకిళ్లకూ ఇచ్చారు. డర్హమ్ నుంచి క్యారీ పడమటి అంచుల మీదుగా ఇరవై రెండు మైళ్లకు పైగా సాగుతుంది. శని ఆదివారాల్లో అక్కడ తెలుగు వినబడని మైలు లేదంటారు. మొదట మూడు మైళ్లు, వెంటనే ఆరు, ఆపైన పది. కండరాలు ఓర్చుకున్నాయి, ఊపిరి ఓర్చుకుంది, ఎడమ మడమ మొరాయించింది.

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేసేసరికి ప్రాణం జిల్లుమనేది. గోడ పట్టుకుని స్నానాల గది దాకా వెళ్తే కొంచెం తగ్గేది. కాఫీ తాగేలోపు మామూలు మనిషి. ఈ నొప్పి చేసే మోసమే అది. తగ్గింది కదా అని మళ్లీ ట్రెయిలెక్కితే సాయంత్రానికి వడ్డీతో వచ్చేది. అరికాలి కింద బంతిలాంటిదేదైనా పెట్టి దొర్లించమని ఎవరో వాట్సాప్‌లో పంపారు. ఇంట్లో బంతి లేదు, నేనున్నాను.

మొదటిసారి ఆమె పాదం నా మీద పెట్టి, వెంటనే తీసి, వంగి నన్ను తాకి కళ్లకద్దుకుంది. కాలు తగిలితే మనవాళ్లు చేసే పనే. మళ్లీ పాదం పెట్టింది, మళ్లీ కళ్లకద్దుకుంది. ఇలా అయితే వ్యాయామం నడుముకవుతుంది గానీ మడమకు కాదని వాళ్లాయన నవ్వాడు. "సినిమాల్లో చపాతీ కర్ర మొగుడి నెత్తి మీదే చూశాను, కాలికింద ఇదే చూడటం" అని కూడా అన్నాడు. ఆ మాటకు నాక్కొంచెం గర్వమనిపించింది.

అత్తగారు ఆర్నెల్ల వీసా మీద వచ్చేసరికి గర్వం దిగింది. "తిండి చేసేదాన్ని కాళ్లతో తొక్కుతావటమ్మా? మళ్లీ దాంతోనే చపాతీలు చేస్తావా?" ఆవిడ గొంతు పెంచలేదు, అయినా తీర్పు తీర్పే. ఆ సాయంత్రమే ఇండియన్ స్టోర్ నుంచి కొత్త కర్ర వచ్చింది. నా జోడీ అయిన పీట వంటింట్లోనే ఉండిపోయింది. నేను సోఫా కిందికి చేరాను.

అంతకన్నా పెద్ద తగువు చెప్పుల దగ్గర వచ్చింది. ఆమెను చూసిన డాక్టరు, మంచం దిగేముందే మెత్తటి చెప్పులు తొడుక్కోవాలనీ, గట్టి చెక్కనేల మీద వట్టికాళ్లతో తిరగొద్దనీ చెప్పాడు. మన ఇళ్లల్లో చెప్పులు గడప బయటే కదా! వంటింట్లో చెప్పులా, దేవుడి గదిలో చెప్పులా అని అత్తగారు మూడురోజులు మాట్లాడలేదు. నాలుగోరోజు ఆవిడే ఒక దారి కనిపెట్టింది. గడప దాటని జత ఒకటి, వంటింటి దాకా రావచ్చు, దేవుడి గది ముందు విడవాలి. ఆవిడ గట్టి మనిషే గానీ, కోడలు పొద్దున్నే గోడ పట్టుకుని నడవడం చూడలేకపోయింది.

ఇన్నాళ్లూ ఆ పాదం కింద ఉన్నాను కాబట్టి లోపల ఏం జరుగుతుందో నాకు తెలుసు. మడమ ఎముక నుంచి కాలివేళ్ల మొదళ్ల దాకా అరికాలి అడుగున ఒక మందపాటి పట్టీ ఉంటుంది. వింటికి నారిలా అది పాదం వంపును పట్టి ఉంచుతుంది. నిద్రలో పాదం కిందికి వాలుతుంది, పట్టీ బిగుసుకుంటుంది. లేవగానే ఒంటి బరువంతా పడి ఒక్కసారిగా సాగుతుంది. మొదటి అడుగు చేదు అందుకే. డాక్టర్లు దీన్ని ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. ఎక్స్‌రేలో మడమ కింద చిన్న ఎముక ముల్లు కనబడితే చాలామంది దాన్నే దోషిగా నిలబెడతారు. నొప్పి లేనివాళ్ల ఎక్స్‌రేల్లోనూ ఆ ముల్లు కనబడుతుంది, దాన్ని తిట్టి లాభం లేదు. నడక ఒక్కసారిగా పెంచడం, పిక్కలు బిగుసుకుపోవడం, గట్టి నేల, వయసు, బరువు ఇవన్నీ కలిసి చేసే పని ఇది. చాలామందికి ఏడాది లోపు కోత లేకుండానే తగ్గుతుంది. మొక్కుకు తేదీ పెట్టుకున్న మనిషికి ఏడాది అని చెప్పి చూడండి, మీ ముఖం చూడదు.

శివరాత్రి 2025 ఫిబ్రవరి 26న. టిక్కెట్లు కొన్నారు. డిసెంబరులో ఆమె స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయమని అడిగింది. దాంతో కొన్ని వారాలు హాయిగా ఉండొచ్చు గానీ పట్టీ తెగే ప్రమాదం కొంత ఉంటుంది, మడమ కింది కొవ్వు మెత్త పలచబడొచ్చు, నొప్పి తెలియని కాలితో అడవిలో రాళ్ల మీద నలభై కిలోమీటర్లు నడవడం తెలివి కాదు అన్నాడు డాక్టరు. ఆ రాత్రి ఆమె నన్ను దొర్లించిన తీరులో కోపం తెలిసింది. కోపంతో దొర్లిస్తే నొప్పి తగ్గదు, రేగుతుంది.

వాళ్లమ్మకు ఫోను చేసి ఈ ఏడు రాలేనంది. అవతలి నుంచి వచ్చిన జవాబు నాకూ వినబడింది. "మల్లయ్య యాడికన్నా పోతాడా? ఈ యేడు కాకుంటే వచ్చే యేడు. కాళ్లు బాగుజేస్కోని రా పో." అల్లుడు పండక్కి రాలేకపోతున్నాడంటే అనే మాటలా అనేసింది. అన్నట్టు నల్లమల చెంచులకు మల్లయ్య అల్లుడే.

ఆ తర్వాతే అసలు వైద్యం మొదలైంది. ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్తూ ఆమె నన్ను సంచిలో వేసుకుపోయింది. ఆ అమ్మాయి నన్ను తిప్పి చూసి, బాగుంది, మసాజుకు పనికొస్తుంది, దీంతోనే తగ్గిపోతుందనుకోవద్దు అంది. అంతమంది ముందు అలా అనేసిందని నొచ్చుకున్నాను. ఆ అమ్మాయి నేర్పిన పని చూశాక ఒప్పుకున్నాను.

మెట్టు అంచున పాదం ముందుభాగం ఆనించి నిలబడాలి. కాలివేళ్ల కింద చుట్టిన తువ్వాలు ఉండాలి. వేళ్లు పైకి లేస్తే అరికాలి పట్టీ బిగుస్తుంది, బరువు దాని మీదే పడుతుంది. మూడు సెకన్లలో పైకి లేవాలి, రెండు సెకన్లు ఆగాలి, మూడు సెకన్లలో దిగాలి. రోజు విడిచి రోజు చేయాలి. అలవాటయ్యేకొద్దీ వీపున సంచి తగిలించి బరువు పెంచాలి. 2014లో డెన్మార్క్‌కు చెందిన మైకేల్ రాథ్లెఫ్ బృందం 48 మంది మీద చేసిన పరీక్ష నుంచి వచ్చిన పద్ధతి ఇది. అరికాలిని సాగదీసే వ్యాయామం ఒక జట్టు చేసింది, ఈ మెట్టు వ్యాయామం ఇంకో జట్టు చేసింది. మూడు నెలలకు మెట్టు జట్టు ముందుంది. ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ సమానమయ్యాయి. అంటే మెట్టు మంత్రమేమీ కాదు, త్వరగా దారిన పెడుతుంది, అంతే.

ఆమె వీపు సంచిలో కర్నూలు సోనామసూరి బియ్యం పోసుకుని లేచేది. మేడమెట్ల మొదటి మెట్టు దగ్గర రాత్రి తొమ్మిదింటికి జరిగే ఈ తతంగాన్ని నేను సోఫా కింద నుంచి చూసేవాణ్ని. చూడటానికి ఏ అందమూ లేదు. అలా లేచి దిగే మనిషిని ఎవరూ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టరు.

నడక కూడా మారింది. టొబాకో ట్రెయిల్ రైలు కోసం వేసిన దారి, బల్లపరుపుగా ఉంటుంది. నల్లమల అలా ఉండదు. భీమునికొలను లోయలోకి రాళ్ల మీద దిగి, మెట్లెక్కి కైలాసద్వారం చేరాలి. దిగేటప్పుడే పాదానికి అసలు పరీక్ష. అందుకని క్యారీలోనే హెమ్లాక్ బ్లఫ్స్ అడవిలో వాగు దాకా దిగే చెక్కమెట్లకూ, అమ్‌స్టెడ్ పార్కు మిట్టలకూ మారింది. ఆ సాయంత్రాల్లో పిక్క ఎంత గట్టిపడిందో, మడమ ఎంత సణిగిందో నాకు తెలిసిపోయేది. సణుగుడు మర్నాటి ఉదయానికి తగ్గితే సరే, పెరిగితే తర్వాతి నడక సగం. ఈ లెక్క ఆమెకు ఫిజియోథెరపిస్టు చెప్పింది.

ఈ నడకల గురించి ఇంట్లో మాటలు నడుస్తుంటే వాళ్లాయన ఓసారి ఏనుగుల వీరాస్వామయ్య ప్రస్తావన తెచ్చాడు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, ఈ ఆత్మకూరు మీదుగానే శ్రీశైలం వెళ్లి, దారి పొడుగునా చూసినవన్నీ కాశీయాత్ర చరిత్రగా రాసిపెట్టిన పెద్దమనిషి. ఆయన పల్లకీలో వెళ్లాడు. మడమనొప్పి బోయీలకు వచ్చి ఉంటుంది, వాళ్లు పుస్తకాలు రాయలేదు.

చివరికి మిగిలింది చెప్పుల ప్రశ్న. దీక్ష తీసుకున్న స్వాములు చాలామంది వట్టికాళ్లతోనే నడుస్తారు. ఆమెకూ అదే కోరిక. బూట్లతో నడిస్తే మొక్కు చెల్లుతుందా అని గుడిలో అడిగింది, స్నేహితులను అడిగింది, తలా ఒకటి చెప్పారు. వాళ్లమ్మ మాత్రం ఒక్క ముక్కలో తేల్చింది. "అడివిలో ముండ్లుంటాయి. చెప్పులేస్కో. నేనూ ఏస్కొనే పోయినా, నీకు చెప్పలే అంతే." నన్నడిగితే ఇది మొక్కును తక్కువ చేయడం కాదు. నడుస్తానన్నది మాట, కుంటుతానన్నది కాదు.

2026 ఫిబ్రవరి 15 శివరాత్రికి ఆమె వెళ్లింది. బరువెక్కువని పెట్టెలోంచి నన్ను తీసేశారు. కైలాసద్వారం దాకా బూట్లతో నడిచిందట, అక్కడ విప్పి సంచిలో పెట్టుకుని మిగతా దారి వట్టికాళ్లతో వెళ్లిందట. తిరిగొచ్చిన వారానికి పాదం నా మీద పెట్టింది. నొప్పి ఉంది, పూర్తిగా పోలేదు, కానీ గోడ పట్టుకునేంత లేదు. బియ్యం సంచి మళ్లీ వీపెక్కింది.

ఇప్పుడొచ్చిన చిక్కేమిటంటే, దేనివల్ల తగ్గింది అని ఎవరైనా అడిగితే ఆమె నా ఫొటో పంపుతోంది. మెట్టు ఫొటో పంపదు. క్యారీ నుంచి ఆత్మకూరు దాకా ఇప్పుడు చపాతీ కర్రలు సోఫాల కిందికి చేరుతున్నాయని విన్నాను. ఆ కీర్తి నాకొద్దు. తిరుమలకో శ్రీశైలానికో నడవాలనుకుని మడమ పట్టుకుని కూర్చున్నవాళ్లకు నా విన్నపం ఇది: ఆరునెలల ముందే మెట్టు అంచున నిలబడటం మొదలుపెట్టండి, మైళ్లు మెల్లగా పెంచండి, నొప్పి మొండికేస్తే డాక్టరుకు చూపించండి. మీ ఇంటి చపాతీ కర్రను మాత్రం దాని పీట దగ్గరే ఉండనివ్వండి.