స్కాండినేవియా మోడ్‌లో మియాపూర్

వెనకటికి కొత్త కారు కొంటే కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కిస్తే పనైపోయేది. ఇప్పుడు ఆ తర్వాత ఇంకో పూజ ఉంది. స్టీరింగు కింద, మోకాలు తగిలేచోట పదహారు పిన్నుల సాకెట్ ఒకటుంటుంది. కారు పొగ సంగతి కనిపెట్టడానికి అమెరికా 1996లో దాన్ని కొత్త కార్లకి తప్పనిసరి చేసింది. పొగ గొడవ మనకెందుకు? మన కుర్రాళ్లు దానికి కేబుల్ తగిలించి, కారుకి కన్నుగీటడం నేర్పుతున్నారు. ఆ విద్య పేరు కోడింగ్. హైదరాబాద్‌లో కోడింగ్ రాని ఇల్లు లేదు, కారుకి మాత్రం ఎందుకు రాకూడదు!

మా మూడో అంతస్తాయన పాతిక లక్షలు పోసి యూరప్ కారు కొన్నాడు. ఇలాంటి కార్లలో మీటకీ దీపానికీ నేరుగా మాటల్లేవు. మీట తిప్పితే బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే డబ్బాకి అర్జీ వెళ్తుంది. ఏ దీపం, ఏ సందర్భంలో, ఎంత శాతం వెలగాలో అది తన పద్దులో చూసుకుని మంజూరు చేస్తుంది. ఆ పద్దులో కొన్ని గడులకి కంపెనీవాళ్లే సున్నా చుట్టి పంపుతారు. మలుపు తిరిగేటప్పుడు ఆ వైపు ఫాగ్ లైటు వెలగాలా? పై మోడల్‌కి ఒకటి, కింది మోడల్‌కి సున్నా. చాలాసార్లు దీపం అదే, వైరూ అదే. డబ్బు కట్టింది దీపానికి, వెలుగు బేరం వేరే. ఇందులో దాపరికం కూడా లేదు. 2020లో ఆడి కంపెనీ ఈ-ట్రాన్ కారుకి మ్యాట్రిక్స్ హెడ్‌లైట్ల తెలివిని యాప్‌లో కొంతకాలానికో, శాశ్వతంగానో కొనుక్కోవచ్చని యూరప్‌లో బాహాటంగానే ప్రకటించింది.

కాబట్టి సున్నాని ఒకటి చేసే కుర్రాడు మియాపూర్‌లో మా సెల్లార్‌కి దిగాడు. "అన్నా, ఇగ్నిషన్ ఆన్ చెయ్, ఇంజిన్ వద్దు" అంటూ ముందు బ్యాటరీకి ఛార్జర్ తగిలించాడు. మధ్యలో కరెంటు నీరసిస్తే మాడ్యూల్‌కి మతిపోతుందట. తెరమీద పేర్లన్నీ జర్మన్‌లో ఉన్నాయి. లోయ్ష్టె, డిమ్‌వెర్ట్, లిష్ట్‌ఫుంక్ట్‌సియోన్. ఇంటర్లో సంస్కృతానికి కూడా గైడు కొన్న కుర్రాడు వాటిని మంత్రాల్లా చదువుతున్నాడు.

"అన్నా, స్కాండినేవియా పెట్టమంటవా?"

"అంటే?"

"పొద్దుగాల ముంగట లైట్లతోని ఎనక లైట్లు సుత వెలుగుతయ్."

స్వీడన్‌లో చలికాలం పొద్దు ఇలా పొడిచి అలా కుంగుతుంది. పగలైనా సరే లైట్లు వేసుకునే తిరగాలని వాళ్లు 1977లోనే చట్టం చేసుకున్నారు. ఆ ఏర్పాటుని మావాడు మే నెలలో, రోడ్డు మీద తారు కరిగే వేళ, సెల్లార్‌లో కూర్చుని పెట్టించుకున్నాడు.

మన దేశంలో స్కూటర్‌వాడికి ఇలా లైట్లు ఎంచుకునే భాగ్యం లేదు. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి హెడ్‌లైటు ఆపుకునే మీటే లేకుండా చేశారు. అయినా ఎదురొచ్చే పెద్దమనుషులు ఇప్పటికీ గుప్పిట మూసి తెరిచి "లైటు, లైటు" అని సైగ చేస్తూనే ఉన్నారు. పాపం వాడు తల ఊపుతూ పోతాడు. ఆర్పుకునే హక్కు కావాలంటే పాతిక లక్షల బండి కొనాలి.

అమెరికా కథ ఇంకా విడ్డూరం. ఎదురొచ్చే కారుని కెమెరాతో గుర్తుపట్టి, దాని మేరకే చీకటి చేసి, మిగతా రోడ్డంతా హైబీమ్‌లో ఉంచే హెడ్‌లైట్లు యూరప్‌లో ఏనాడో వచ్చాయి. అమెరికా నిబంధన మాత్రం 1960ల నాటిది, దానికి తెలిసింది హైబీమ్, లోబీమ్ రెండే. 2022 ఫిబ్రవరిలో గానీ తలుపు తెరవలేదు. అందాకా జర్మన్ కార్లలో దీపాలుండీ ఆ తెలివి నిద్రపోయింది. కొందరు ఉండబట్టలేక దొంగచాటుగా కోడింగ్ చేసుకున్నారు. డల్లాస్‌లో మూడో అంతస్తాయన బావమరిదీ అందులో ఒకడు. ఎదుటివాడి కళ్లు చెదరకూడదని రూలు తప్పిన మనిషిని నేను అతణ్ణే చూశాను. బావగారు ఆ ఊసే ఎత్తలేదు. తాళం వేస్తే రెండుసార్లు, తీస్తే మూడుసార్లు మెరవాలని మాత్రం పట్టుబట్టాడు.

మన మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా అంటుంది. ఆరు నెలల జైలు కూడా పడొచ్చు. సైలెన్సర్ అయితే చెవికి వినిపిస్తుంది, నల్ల ఫిల్మ్ అయితే కంటికి కనిపిస్తుంది. ఒక సున్నా ఒకటైందని నాకాబందీలో కానిస్టేబుల్ ఏ టార్చి వేసి చూస్తాడు?

అసలు ఘనకార్యం చివర్లో జరిగింది. బ్రేక్ లైట్లకి బజారులో దొరికే ఎల్‌ఈడీ బల్బులు వేయించాడు. అవి కరెంటు తక్కువ తాగుతాయి. మాడ్యూల్ కరెంటు కొలిచి, బల్బు పోయిందనుకుని డ్యాష్‌బోర్డు మీద మొత్తుకోవడం మొదలెట్టింది. కుర్రాడు ఆ తనిఖీనే ఆపేశాడు. ఫిర్యాదు అందే దారి మూసేస్తే ఫిర్యాదు ఉండదన్న సూత్రం మన సచివాలయాల్లో లాప్‌టాప్‌లు రాకముందే వాడుకలో ఉంది, కార్లకి కాస్త ఆలస్యంగా చేరింది.

మొన్న సర్వీసుకి ఇస్తే వాళ్లు ఉచితంగా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ కొట్టి పంపారు. స్కాండినేవియా పోయింది, కన్నుగీటు పోయింది, కంపెనీ సున్నాలన్నీ సొంతిళ్లకి చేరాయి. రెండు బ్రేక్ లైట్లూ పోయాయని డ్యాష్‌బోర్డు మళ్లీ గోల. మళ్లీ పిలిపిస్తే కుర్రాడు కారు వెనక్కి వెళ్లి చూశాడు.

"అన్నా, కుడి దిక్కుది ఉట్టిదే, మంచిగ వెలుగుతుంది. ఎడమదైతే నిజంగనే పోయింది. ఎప్పుడు పోయిందో ఏమో."

ఆయన ఇగ్నిషన్ ఆన్ చేసుకుని సిద్ధంగా కూర్చున్నాడు. "బల్బు సంగతి తర్వాత చూద్దాంలే. ముందు ఆ రెండూ అరవకుండా చెయ్."