జెరండ్ పేరెత్తకండి

సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో ఇంటి ముందుగదిలో స్పోకెన్ ఇంగ్లిష్ చెప్పేవాళ్లకీ, బడిలో గ్రామర్ పీరియడ్ తీసుకునేవాళ్లకీ ఈ సలహాలు. తోటి టీచర్లు తప్పంటారు, అననివ్వండి.

ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్ పక్కన 'ఇంగ్', వాంట్, డిసైడ్, హోప్ పక్కన 'టు' అని రెండు వరసలు అచ్చేసిన కాగితం ఉంటుంది కదా, అది పంచకండి. పిల్లలు ఎక్కాల్లా అప్పజెప్పేస్తారు. మర్నాడు నోరు తెరిస్తే 'ఐ ఎంజాయ్ టు ప్లే' అనే వస్తుంది. జెరండ్, ఇన్ఫినిటివ్ అన్న పేర్లు ఏడాదంతా వినకపోయినా కొంపలేం మునగవు.

క్లాసులో తెలుగు మాట్లాడండి. ఇంగ్లిష్ తప్ప మరోటి వినబడకూడదని గోడమీద రాసి ఉన్నా సరే, మాట్లాడండి. 'సిగరెట్ తాగడం మానేశాడు', 'సిగరెట్ తాగడానికి ఆగాడు'. ఈ రెంటికీ తేడా మూడో తరగతి పిల్లకి కూడా తెలుసు. స్టాప్డ్ స్మోకింగ్, స్టాప్డ్ టు స్మోక్ అన్నా అదే తేడా. 'పొద్దున్నే లేవడం అలవాటు' అంటే ఐ యామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్. 'పొద్దున్నే లేచేవాణ్ణి' అంటే ఐ యూజ్డ్ టు గెటప్. డిగ్రీ చదివినవాళ్లు తడబడే ఈ చోట తెలుగు తడబడదు. 'డం' వినబడితే ఇంగ్, 'డానికి', 'ఆలని' వినబడితే టు అని చెప్పి వదిలేయండి. చదవడం పూర్తిచేశా, ఫినిష్డ్ రీడింగ్. చదవాలని నిర్ణయించుకున్నా, డిసైడెడ్ టు రీడ్. 'చదవగలను'లో ఉన్న 'చదవ' మన తుమున్నర్థకమే, అంటే తెలుగు ఇన్ఫినిటివే. కెన్ పక్కన రీడ్ కూడా అలాగే టు లేకుండా నిలబడుతుంది. కంటోన్మెంట్ పక్క ఊరు కాబట్టి ఇంట్లో తమిళమో ఉర్దూనో మాట్లాడే పిల్లలూ వస్తారు. వాళ్లను తమ భాషలోనే చెప్పి చూడమనండి. సిగరెట్ తేడా అక్కడా తేలుతుంది.

ఈ డం-డానికి సూత్రానికి లొంగని మాటల్ని మొదటి వారమే తెండి. 'తాళం వేయడం మర్చిపోయా' అంటే ఫర్‌గాట్ టు లాక్. డం ఉన్నా టు వచ్చింది. 'వెళ్దామని సూచించాడు' అంటే సజెస్టెడ్ గోయింగ్. లుక్ ఫార్వర్డ్ టు తర్వాత మీటింగ్ అనాలి, మీట్ అనకూడదు. ఇవి ముందే చూసిన పిల్లలు సూత్రాన్ని గుడ్డిగా నమ్మరు.

పిల్లలు మాట్లాడుతున్నప్పుడు మధ్యలో ఆపి దిద్దకండి. ధ్యాస చేసే పని మీద ఉండనివ్వండి. భాషాబోధన నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు ప్రాంతాల బడుల్లో వ్యాకరణ పాఠాల వరస పక్కన పెట్టి, టైమ్‌టేబుళ్లు, మ్యాపులు ఇచ్చి, లెక్క తేల్చమని ఇంగ్లిష్ నేర్పించి చూశారు. మనమూ అలా చేయొచ్చు, జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) దగ్గరే ఉంది. రేపు కరీంనగర్ వెళ్లాలి, ఏ బస్సు ఎక్కుతావ్, ఎందుకు అని అడగండి. ప్లాన్ టు, హోప్ టు, అవాయిడ్ వెయిటింగ్ అన్నీ అవసరంకొద్దీ వస్తాయి.

తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి మొదలు ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఆ పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఇంగ్లిష్ వినబడదు. క్లాసులో తెలుగు కూడా లాగేసుకుంటే వాళ్లు దేన్ని పట్టుకుని నిలబడాలి?

ఈ పద్ధతిలో యూనిట్ టెస్టులో ఒకటి రెండు మార్కులు తగ్గుతాయి. తల్లిదండ్రులు అడిగితే జవాబు మీరే చెప్పండి, పిల్లల చేత చెప్పించకండి.