గ్యాస్ పట్టించే ముందు

ఏప్రిల్ వచ్చిందంటే సిద్దిపేటలో కారున్న ప్రతివాళ్లకూ ఒకే సలహా దొరుకుతుంది: "గ్యాస్ అయిపోయిందన్నా, పట్టియ్యి, సల్లగైతది." చాయ్ బండి దగ్గరా అదే మాట, పంక్చర్ షాపు దగ్గరా అదే. 43 డిగ్రీల ఎండలో రాజీవ్ రహదారి మీద ప్రజ్ఞాపూర్ దాకా వెళ్లేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయిన మనిషికి ఆ మాట నిజమే అనిపిస్తుంది. డబ్బులిచ్చి పట్టిస్తాడు. కొన్నాళ్లు చల్లగానే ఉంటుంది, ఆ తర్వాత మళ్లీ వేడి గాలే. ఇంట్లోనే బాగు చేసుకుందామని చూసేవాళ్లకు ఇలాంటి సలహాలు ఇంకా చాలా వినిపిస్తాయి. కొన్నిటితో డబ్బు పోతుంది, కొన్నిటితో ప్రాణం మీదికి వస్తుంది.

ముందు ఆ గ్యాస్ సంగతే చూద్దాం. అది పెట్రోలులా ఖర్చయ్యే సరుకు కాదు. బొక్కెన బావిలోకి దిగి నీళ్లు తెచ్చి గట్టున పోసి మళ్లీ దిగినట్టు, ఆ గ్యాస్ డాష్‌బోర్డు వెనక ఉన్న కూలింగ్ కాయిల్‌లోకి వెళ్లి లోపలి వేడిని పట్టుకుంటుంది, ముందువైపు కండెన్సర్ దగ్గర బయటికి వదిలేస్తుంది, మళ్లీ లోపలికి వెళ్తుంది. చిన్న కార్లలో అది 350 నుంచి 500 గ్రాముల దాకా ఉంటుంది. ఏళ్ల తరబడి రబ్బరు పైపుల్లోంచీ సీళ్లలోంచీ కొంచెం కొంచెం తగ్గడం మామూలే. పోయిన ఎండాకాలం పట్టించింది ఈ ఎండాకాలానికి లేదంటే మాత్రం ఎక్కడో లీకు ఉన్నట్టే. ఆ లీకు వెతకకుండా గ్యాస్ పట్టించమనే సలహా అన్నిటికంటే ఖరీదైనది. గ్యాస్‌తో పాటు, దాన్ని తిప్పే కంప్రెసర్‌ను కాపాడే ఆయిల్ కూడా కొంత పోతుంది. ఇలా రెండు మూడు ఎండాకాలాలు గ్యాస్ ఒక్కటే పోయించుకుంటూ వెళ్తే చివరికి కంప్రెసరే పట్టేస్తుంది.

అసలు మన దగ్గర సగం కార్లలో లోపం గ్యాస్ వరకూ పోదనే నా నమ్మకం. యాసంగి కోతలప్పుడు ఊళ్ల మీదుగా ఒకసారి తిరిగొచ్చి, బానెట్ ఎత్తి, జాలీ సందులోంచి టార్చ్ వేసి కండెన్సర్‌ను చూడండి. సన్నటి అల్యూమినియం రేకుల మధ్య వడ్ల తాలు, గడ్డి నలుసులు, చచ్చిన పురుగులు, వాటి మీద ఎర్ర దుమ్ము పొర. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల పక్క నుంచి పోతే ఎగిరే పొట్టంతా అక్కడికే చేరుతుంది. వానాకాలం పంట చేతికొచ్చి పత్తి లోడ్లు తిరిగే రోజుల్లో దూది పోగులూ దానికి తోడవుతాయి. గ్యాస్ లోపలినుంచి మోసుకొచ్చిన వేడిని దించుకునే చోటు అదొక్కటే. అది మూసుకుపోతే ఎంత గ్యాస్ ఉన్నా లాభం లేదు.

"వాటర్ సర్వీసింగ్‌ల ప్రెషర్ కొట్టియ్యి, సాఫ్ అయితది" అంటారు. వద్దు. ఆ ధారకు రేకులు వంగిపోతాయి, వంగిన చోట గాలి దూరదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక, తాళం తీసేసి, మామూలు పైపుతో నీళ్లు రేకులకు ఎదురుగా నిదానంగా పడనివ్వండి. వీలైతే వెనకనుంచి ముందుకు పడాలి, పొట్టు వచ్చిన దారినే పోతుంది. తాళం ఆన్‌లో ఉంటే ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు, కాబట్టి చెయ్యి పెట్టే ముందు తాళం జేబులో ఉందో లేదో చూసుకోండి.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది, పైసా ఖర్చు లేదు. పాత బస్టాండు దగ్గర ట్రాఫిక్‌లో ఆగితే వేడి గాలి, ఊరు దాటి అరవై మీద పోతే చల్లగాలి వస్తుందా? అప్పుడు గ్యాస్‌ను వదిలేసి కండెన్సర్ ఫ్యాన్‌ను అనుమానించండి. కారు ఆపి, ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేసి, దూరంగా నిలబడి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు ఈ వరసలో చూసుకోవాలి. ఫ్యూజయితే పది రూపాయల పని. మొదట చల్లగా వచ్చి, అరగంటకు గాలి తగ్గిపోయి, కాసేపు ఏసీ ఆపితే మళ్లీ బాగా వస్తోందంటే కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుంటోందన్నమాట. గాలి చల్లగానే ఉండి మొదటి నుంచీ నెమ్మదిగా వస్తుంటే క్యాబిన్ ఫిల్టర్ తీయండి. చాలా కార్లలో అది గ్లోవ్ బాక్స్ వెనకే ఉంటుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. మన మట్టి రోడ్ల మీద తిరిగే కారులో ఏడాదికే అది గోనెపట్టలా తయారవుతుంది.

"కింద నీళ్లు కారుతున్నయి, ఏసీ లీకైంది" అని భయపెట్టేవాళ్లను పట్టించుకోకండి. అవి గాలిలోని తేమ చల్లబడి కారిన నీళ్లు, ఏసీ పనిచేస్తోందనడానికి గుర్తు. నీళ్లు కింద పడకుండా ముందు సీటు దగ్గర మ్యాటు తడుస్తుంటే అప్పుడు చూసుకోవాలి, డ్రెయిన్ పైపు పూడిపోయి ఉంటుంది.

ఇప్పుడు ప్రమాదకరమైన సలహాలు. ఆన్‌లైన్‌లో చిన్న డబ్బా, దానికొక మీటరు అమ్ముతారు, తెప్పించుకుని మీరే పట్టుకోండి అంటారు. ఆ మీటరు చెప్పేది ప్రెషర్, బరువు కాదు. మామూలుగా కార్లలో ఉండే ఆర్-134ఏ గ్యాస్ ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 35 డిగ్రీల దగ్గర దాదాపు 115 పీఎస్‌ఐ చూపిస్తుంది. లోపల ద్రవం కొంచెం మిగిలున్నా అంతే, నిండుగా ఉన్నా అంతే. మీటరు చూసి తక్కువుందనుకుని ఇంకో వంద గ్రాములు ఎక్కిస్తే, 400 గ్రాములు పట్టే కారులో అది పావు వంతు ఎక్కువ. ప్రెషర్ పెరిగి చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. ఆ ద్రవం మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. పైపు జారి చేతి మీద చిమ్మితే చర్మం గడ్డకడుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు.

"క్లచ్ పడ్తలేదా? ప్రెషర్ స్విచ్ దగ్గర వైరు కలిపెయ్యి" అనేది ఇంకొకటి. ఆ స్విచ్ ఉన్నదే గ్యాస్ లేనప్పుడు కంప్రెసర్ తిరగకుండా ఆపడానికి. వైరు కలిపితే కంప్రెసర్ క్లచ్ టక్కుమని పడుతుంది, బాగైందనిపిస్తుంది. గ్యాస్ లేకపోతే ఆయిల్ తిరిగి రాదు. కంప్రెసర్ ఆయిల్ లేకుండానే తిరిగి తిరిగి లోపల అరిగి, ఆ లోహపు పొడిని పైపుల నిండా చిమ్ముతుంది. అప్పుడు కంప్రెసర్ ఒక్కటి మారిస్తే సరిపోదు.

లీకులు పూడ్చే మందు పోసుకోమంటారు. తేమ తగిలిన చోటల్లా అది గట్టిపడుతుంది, గ్యాస్ దారిలో ఉండే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోనూ గట్టిపడుతుంది. ఫ్రిజ్ మెకానిక్‌తో ఆర్-22 పట్టించుకోమంటారు. దాని ప్రెషర్ మన కార్ల గ్యాస్‌కు ఒకటిన్నర రెట్లు, దానికి వాడే ఆయిలూ వేరు. వంటగ్యాస్ పట్టించినా చల్లబరుస్తుందనే మాట నిజమే, అందుకే అది అంత ప్రమాదం. కూలింగ్ కాయిల్ లీకైతే ఆ గ్యాస్ మీరూ పిల్లలూ కూర్చున్న చోటికే వస్తుంది, రిలేలో ఒక్క నిప్పురవ్వ చాలు, అంటుకోవడానికి. ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లున్నవాళ్లు ఏసీని అసలు విప్పకండి. నారింజ రంగు వైర్లలో వందల వోల్టులుంటాయి, ఆ కంప్రెసర్‌లో వేరే ఆయిల్ పడితే కరెంటు బయటికి తగిలే ప్రమాదం ఉంది.

నిజంగా గ్యాస్ తగ్గిందనే తేలితే షాపుకు వెళ్లండి, కానీ "గ్యాస్ పట్టు తమ్మీ" అని తాళం ఇచ్చి చాయ్‌కు వెళ్లకండి. పక్కనే నిలబడి, లీకు ఎక్కడుందో చూపించమనండి. పైపు జాయింట్ల దగ్గర జిడ్డుగా దుమ్ము పట్టిన మరక చాలాసార్లు అదే చోటు. ఆ జాయింట్‌లోని ఓ-రింగు మార్చాక వ్యాక్యూమ్ పంపు కనీసం అరగంట నడవాలి, లోపలి తేమ పోవాలంటే అదే దారి. గ్యాస్‌ను తూకం వేసి పట్టాలి. మీ కారుకు ఎన్ని గ్రాములో బానెట్ కింద స్టిక్కరు మీద రాసుంటుంది. పాత గ్యాస్‌ను గాలికి వదిలేస్తుంటే ఆపండి, మిషన్‌తో వెనక్కి తీయించండి. ఆర్-134ఏ కిలో బయటికి పోతే కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 1,430 రెట్లు వేడి పెంచుతుంది. మన చిన్న కారులోని 400 గ్రాములంటే దాదాపు 250 లీటర్ల పెట్రోలు కాల్చినంత. ఇలాంటి గ్యాసుల వాడకం తగ్గించేందుకు 2016లో కుదిరిన కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది, 2028 నుంచి ఆ వాడకానికి పరిమితి మొదలవుతుంది. కానీ గాలికి వదిలే ఆ వాల్వ్ తిప్పే చెయ్యి మన వీధి షాపులోనే ఉంది, ఎండకు ఎండే పొలాలూ మనవే.

"ఏసీ వేసుకుని కార్లనే పండుకో, సల్లగుంటది" అనే మాట పెళ్లిళ్లప్పుడూ కొమురవెల్లి జాతరప్పుడూ వింటుంటాం. మూసిన షెడ్డులోగానీ, సైలెన్సర్ పైపు లీకైన కారులోగానీ కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలో తెలియదు. ఇంట్లో ఎవరు డ్రైవింగ్ చేస్తున్నా వాళ్లకు ఈ ఒక్కటి గట్టిగా చెప్పండి.

ఇక చలికాలం మొత్తం ఏసీ బంద్ పెట్టమనేవాళ్లున్నారు, డీజిల్ మిగులుతుందని. అలా చేస్తే కంప్రెసర్ షాఫ్ట్ సీలు ఆయిల్ తగలక ఎండిపోయి, లీకు అక్కడే మొదలవుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వారానికోసారి పది నిమిషాలు ఏసీ నడపండి, కిటికీలు తెరిచి ఉన్నా సరే.