ద్వియాన పేటిక: ‘కుంచిక’ అనే టీక

అవతారిక. మోటారుసైకిల్‌కు తగిలించే పెట్టెను ఊడదీసి, అదే చేత పట్టుకుని విమానం ఎక్కవచ్చుననే మాట ఈ మధ్య బండి సరంజామా ప్రకటనల్లో వేదవాక్యమై కూర్చుంది. పలువురు అమ్మకందారుల మాటల సారం పిండి, పునరుక్తులు తీసేసి, వ్యాఖ్యాత కూర్చుకున్న మూలం ఇది: “బండికి బిగిస్తే పెట్టె, చేత పడితే క్యాబిన్ బ్యాగు, ఒకటి కొన్నవానికి రెండు.” ఇంత గంభీరమైన వాక్యం టీక లేకుండా లోకంలో తిరగడం న్యాయం కాదు. ఈ టీకకు ‘కుంచిక’ అని పేరు.

ప్రతిపదార్థం. బండి, చేయి, ఒకటి అనే పదాలు సుగమాలు, వదిలేయడమైనది. ‘బిగిస్తే’ దగ్గర మాత్రం ఆగాలి. ఇటలీలో బ్రెషా దగ్గర 1978లో గివి సంస్థను పెట్టిన జుసెప్పే విసెంజి అంతకుముందు పందేల్లో బండి నడిపినవాడు. 1969లో 350 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో అగొస్తిని మొదటివాడు, ఇతడు మూడోవాడు. సంస్థ పేరు, రోమన్ లిపిలో చూస్తే, అతని పేరు, ఇంటిపేరుల మొదటి అక్షరాలే. ఆ సంస్థ ‘మోనోకీ’ పద్ధతిలో ఒకే తాళంచెవి పెట్టె మూతను తెరుస్తుంది, పెట్టెను బండి నుంచి విడదీస్తుంది కూడా. టీక పేరుకు ఆధారం ఈ తాళంచెవే. వేగంతో పేరు తెచ్చుకున్నవాడి పెట్టెలకు గంటకు 120 కిలోమీటర్లు దాటవద్దనే హెచ్చరిక ఉండటం రసజ్ఞులు గమనించాలి.

‘పెట్టె’. ఇందులో వామ దక్షిణ భేదం ఉంది. సైలెన్సర్ ఏ వైపు ఉంటే ఆ వైపు పెట్టెకు లోపలి చెంప కోస్తారు, లేదా లోతు తగ్గిస్తారు. రెండు పక్కలా ఒకే రూపం లేని దైవం అర్ధనారీశ్వరుడు ఒక్కడే అనుకున్నవారు జత సైడ్ బాక్సులు కొని చూడవచ్చు. అంటే ఈ వస్తువు రూపం సైలెన్సర్ నిర్ణయించింది, వెనక చక్రం నిర్ణయించింది, కూర్చున్నవాడి మడమ నిర్ణయించింది. విమానాన్ని ఎవరూ అడగలేదు.

ఇక్కడ సంప్రదాయ స్మరణ అవసరం. టీక అన్నాక మల్లినాథసూరిని తలవకుండా ముందుకు పోకూడదు. కాళిదాసు కావ్యాలకు ‘సంజీవని’, భారవికి ‘ఘంటాపథం’, మాఘుడికి ‘సర్వంకష’ రాసిన ఆ మహానుభావుడు కొలచలం వాడు. మెదక్ జిల్లా కొల్చారమే ఆ ఊరని చెబుతారు. మెదక్ చర్చి చూడటానికి హైదరాబాదు నుంచి ఆదివారం పూట బండ్ల మీద గుంపులుగా వెళ్ళేవాళ్ళకు అది పెద్ద దూరం కాదు, ఆగేవాళ్ళే తక్కువ. ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన ప్రతిజ్ఞ చేశాడు. ప్రస్తుత వ్యాఖ్యాత అందులో మొదటి సగం మాత్రమే పాటిస్తున్నాడు.

ఆయన వ్యాఖ్యానించిన మేఘదూతంలో ప్రయాణ సామాను ప్రస్తావన ఉందా? ఉంది. మేఘం సామాను నీళ్ళే. రామగిరి నుంచి కైలాసం పక్కనున్న అలకకు పోవాలి. దారిలో కురిసి తేలికైపోతుంది కనుక నర్మద దగ్గర నీళ్ళు తాగి బరువెక్కమని, అప్పుడు గాలి ఎగరగొట్టలేదని, దాని చేత భార్యకు కబురు పంపుతున్న యక్షుడు సలహా ఇస్తాడు. ఖాళీ అయితే తేలిక, నిండితే బరువు అనే లెక్క ఆ కాలానికి చెల్లింది. కైలాసం నేటి టిబెట్‌లో ఉంది. అంటే మేఘుడు అంతర్జాతీయ ప్రయాణికుడు, 100 మిల్లీలీటర్ల నియమం కింద గేటు దగ్గరే ఆగిపోయేవాడు. యక్షుడి భార్యకు కబురు అందేది కాదు. కావ్యం పూర్వమేఘంతోనే సరి. ఇంతకీ చెప్పుకుంటున్నది పెట్టె గురించి.

కాళిదాసు లెక్క ఈ పెట్టెకు చెల్లదు. గట్టి ప్లాస్టిక్కుదో అల్యూమినియందో పెద్ద పెట్టె ఖాళీగానే నాలుగైదు కిలోలు తూగుతుంది. మన దేశీయ విమానాల్లో ఎకానమీ టికెట్‌వాడికి చేతి సామాను సాధారణంగా 7 కిలోలు. మిగిలిన రెండు మూడు కిలోల్లో ఒక చొక్కా, ఒక చార్జరు, కాస్త ఆత్మగౌరవం సర్దుకోవాలి.

పూర్వపక్షం. క్యాబిన్ సామానుకు మామూలుగా చెప్పే కొలత 55, 35, 25 సెంటీమీటర్లు. గుణిస్తే 48,125 ఘన సెంటీమీటర్లు, అంటే 48 లీటర్ల పైమాట. టాప్ బాక్సు, అంటే బండి వెనక బిగించే పెట్టె, 47 లీటర్లది. 47 కన్నా 48 పెద్దది కనుక పెట్టె పడుతుంది అని వాది.

సిద్ధాంతం. వాది ఆ లీటర్లు ఎక్కడినుంచి వచ్చాయో మరిచాడు. అంత టాప్ బాక్సుకు ఉన్న ప్రధాన గొప్ప రెండు నిండు హెల్మెట్లు పట్టడం. నిండు హెల్మెట్‌ను ఏ వైపు కొలిచినా దాదాపు 25 సెంటీమీటర్లకు తగ్గదు. దాని చుట్టూ గోడ, గోడకు తాళం, కింద బిగింపు పలక, పైన ఉబ్బిన మూత. కాబట్టి హెల్మెట్ పట్టే పెట్టె కొలత చట్రంలో పట్టదు. చట్రంలో పట్టేది హెల్మెట్‌కు చాలదు. లీటర్లు లోపలి సంగతి, విమానం అడిగేది బయటి సంగతి.

అసలు ఈ తిప్పలు ఎవరికి? సికింద్రాబాదులో బండిని పార్సిల్ కింద రైలెక్కించి, తాము విమానంలో ఢిల్లీకో చండీగఢ్‌కో వెళ్ళి, అక్కడినుంచి లద్దాఖ్ దారి పట్టేవాళ్ళకు. పార్సిల్ ఆఫీసులో ట్యాంకులో పెట్రోలు తీయిస్తారు, బండికి గోనె చుట్టిస్తారు, పక్కన పొడుచుకొచ్చిన పెట్టెలు విప్పక తప్పదు. ఆ పెట్టెలోంచి విమానం కోసం ముందు తీసేయాల్సినవి ఉన్నాయి: స్పానర్లు, స్క్రూడ్రైవర్లు క్యాబిన్‌లోకి రావు, చెయిన్‌కు కొట్టే లూబ్ స్ప్రే మండే సరుకు కనుక ఎటూ రాదు. బండి పెట్టెలో బండివన్నీ పోయాక మిగిలింది మూలకారుడు చెప్పిన ‘బ్యాగు’.

గాంభీర్యం కాసేపు పక్కన పెట్టాలి. పక్క పెట్టె అయితే విమానం పైఅరలో ఏ సూట్‌కేసు పక్కనా ఒదగదు. కోసిన చెంప వైపు సందు మిగులుతుంది, ఆ సందులో ఏదీ పట్టదు. ఆలస్యంగా ఎక్కిన పెద్దావిడ తన సంచిని కాళ్ళ దగ్గర పెట్టుకుంటుంది. చక్రం పక్కన నాలుగు వేల కిలోమీటర్లు తిరిగిన చెంపకు అంటిన చెయిన్ జిడ్డు పక్కవాడి తెల్లచొక్కాకు అంటుతుంది. ఇక ప్రకటనలో లీటర్ల అంకె అరచేయంత ఉంటుంది. పిడి, తాళం, పలక కలిపి బయటి కొలత ఎంత? ఖాళీ బరువు ఎంత? కొనేవాడికి విమానాశ్రయంలో పనికొచ్చే అంకెలు ఈ రెండే. చాలా చోట్ల అవి చివరి పేజీ అడుగున, అదీ ఉంటే. బండి మీద మాత్రం మోనోకీ పెట్టెలో 10 కిలోలు మించవద్దని స్పష్టంగా రాస్తారు, ఎందుకంటే పలక విరిగితే ఫిర్యాదు తమ దగ్గరికే వస్తుంది. గేటు దగ్గర కట్టే అదనపు రుసుముకు ఫిర్యాదు ఎవరిదగ్గరికీ పోదు.

అలంకారం. ఒకే పదానికి రెండర్థాలుంటే శ్లేష. ఇక్కడ ఒకే వస్తువుకు రెండు పనులు చెప్పారు, రెండోది చేయదు. దీనికి లక్షణగ్రంథాల్లో పేరు లేదు. అది వినియోగదారుల కమిషన్ పరిధి.

పాఠాంతరం. కొందరు జాణలు పెట్టెను చెక్-ఇన్‌కు ఇచ్చి, లోపల అమరే మెత్తటి సంచిని మాత్రం క్యాబిన్‌లోకి తీసుకుపోతారు. ఆ సంచి తేలిక, నొక్కితే చట్రంలోకి దిగుతుంది, భుజానికి పట్టీ ఉంటుంది. సంచి రూపం మాత్రం పెట్టెదే. నేల మీద నిలబెడితే సైలెన్సర్ వైపుకు ఒరుగుతుంది. చాలా సంస్థలు దాన్ని పెట్టెతో కలిపి ఇవ్వవు, విడిగా అమ్ముతాయి. అందువల్ల మూలంలో ‘ఒకటి కొన్నవానికి రెండు’ అన్నచోట ‘రెండు బిల్లులు’ అనే పాఠమే ప్రామాణికమని కుంచికాకారుడి మతం.