బుడాపెస్ట్ దగ్గర, భీమిలి దూరం

తెలుగు సినిమాకు సంగీతం ఎక్కడెక్కడి నుంచి వస్తోందో ఓసారి చూద్దాం. మనవాళ్లు చాలామంది పాట కట్టే క్యూబేస్ సాఫ్ట్‌వేర్ హాంబర్గ్‌ది. దానికి తగిలించి వాయిద్యాలు మోగించే కాంటాక్ట్ బెర్లిన్‌ది. తల్లి పాత్ర కన్నుమూసినప్పుడు ఏడ్చే వయొలిన్లు వియన్నాలో ఎప్పుడో రికార్డు చేసి అమ్ముతున్నవి. నిర్మాత చెయ్యి కాస్త పెద్దదైతే అసలు వయొలిన్లే కావాలంటాడు. అప్పుడు బుడాపెస్ట్‌లో ఒక బృందాన్ని మాట్లాడుకుని, ఫిల్మ్‌నగర్‌లో ఏసీ వేసుకుని కూర్చుని, ఇంటర్నెట్‌లో వింటూ 'ఆ రెండో బారు ఇంకోసారి' అంటారు. వాళ్లు వాయిస్తారు, వీళ్లు బాగుందంటారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. సంగీత దర్శకుడు భీమిలిలో ఉన్నాడంటేనే ఇబ్బంది.

'మీ పని సూపర్ సార్. కాకపోతే లోకల్‌గా ఉండేవాళ్లయితే మాకు కంఫర్ట్' అంటారు. ఎంత మర్యాదగా అంటారంటే, భీమిలిలో ఉన్నందుకు మనమే క్షమాపణ చెప్పుకోవాలనిపిస్తుంది.

ఒకప్పుడు ఘంటసాల మొదలు అందరూ మద్రాసు రైలెక్కారు. సరే, అప్పుడు స్టూడియోలన్నీ అక్కడే ఉండేవి. తర్వాత సినిమా హైదరాబాద్ వచ్చేసింది గానీ, హార్మోనియం మాత్రం చాలాకాలం కోడంబాక్కంలోనే ఉండిపోయింది. అప్పుడు ఏ నిర్మాతా దూరమని గొణగలేదు. రెహమాన్ రాత్రిళ్లు పనిచేస్తారంటే, ఊళ్ల నుంచి విమానాల్లో వెళ్లిన దర్శకులు ఆ ఇంటి దగ్గర తెల్లవార్లూ కాచుకుని, ఆ కాచుకోవడాన్నే ఇంటర్వ్యూల్లో గొప్పగా చెప్పుకున్నారు. 2000లో వచ్చిన 'హే రామ్'కు ఇళయరాజా బుడాపెస్ట్ సింఫనీ ఆర్కెస్ట్రాతో వాయింపిస్తే ఒళ్లు పులకరించిందన్నారు తప్ప, మైలాపూర్‌లో వయొలిన్లు లేవా అని అడిగినవాడు లేడు. హిట్టు పడితే సముద్రాల అవతల ఊరు కూడా పక్క సందే. పడకపోతే బీచ్ రోడ్డు పరదేశం.

ఇంతకీ ఆ లోకల్ సిట్టింగ్ ఎలా ఉంటుందంటారా? మూడింటికని చెబుతారు. కొంపల్లిలో ఉండే సంగీత దర్శకుడు ట్రాఫిక్‌కు భయపడి ఒంటిగంటకే బయల్దేరతాడు. దర్శకుడు ఆరింటికొస్తాడు. టీ తాగి, కిందటి శుక్రవారం విడుదలైన ఎవరి సినిమాకో పోస్టుమార్టం చేసి, ఎనిమిదింటికి 'మంచి మూడ్‌లో ఉన్నప్పుడు కూర్చుందాం డార్లింగ్' అని లేస్తాడు. మూడ్ ఊళ్లో దొరకదని తేలాక అందరూ కలిసి నిర్మాత ఖర్చుతో బ్యాంకాక్ వెళతారు. లోకల్ మనిషిని పెట్టుకున్నది ఎయిర్‌పోర్టుకు ఒకే కారులో వెళ్లడానికన్న మాట.

నేను మాత్రం భీమిలి నుంచే జూమ్‌లో ట్యూన్ వినిపించాను. తంబూరా పెట్టి ఆలాపన మొదలెట్టాను. మనిషి మాట తప్ప మిగతాదంతా జూమ్ లెక్కలో చెత్తే. శ్రుతిని ఫ్యాను చప్పుడనుకుని ఊడ్చి పారేసింది. అటునుంచి దర్శకుడు 'శ్రుతి లేకుండా పాడుతున్నారేంటి బ్రో' అన్నాడు. సెట్టింగుల్లో 'ఒరిజినల్ సౌండ్' అనేది ఒకటుంటుంది. వెతికి అది ఆన్ చేశాను. ఈసారి శ్రుతి వెళ్లింది. దాని వెంట మా వంటింట్లో కుక్కర్ కూడా వెళ్లింది. 'ఆ విజిల్ అదిరింది బ్రో! అదే హుక్ చేసేద్దాం' అన్నాడు. చరణం గురించి ఎవరూ ఏమీ అనలేదు.

ఇంకోసారి ఫైట్ రీలు పంపారు. ఎడిటింగ్ అసిస్టెంటు 24 ఫ్రేముల సినిమాను 23.976లో ఎక్స్‌పోర్ట్ చేశాడు. చూడ్డానికి పిసరంత తేడా. 20 నిమిషాల రీలు చివరికొచ్చేసరికి అదే సెకను దాటిపోతుంది. వాళ్లిచ్చిన రీలుకే నేను కొట్టించిన డప్పును వాళ్ల అసలు రీలు మీద పెట్టి చూశారు. హీరో గుద్దాడు, విలన్ పడ్డాడు, ఆ తర్వాత ఢామ్మంది. 'చూశారా, దూరంగా ఉంటే ఇదే ప్రాబ్లం' అన్నారు. ఆ అసిస్టెంటూ, ఎడిటరూ, దర్శకుడూ ఒకే బిల్డింగులో ఒకే అంతస్తులో కూర్చుంటారు.

వాళ్ల భయం పూర్తిగా ఉత్తదేమీ కాదు, అదీ ఒప్పుకోవాలి. రీరికార్డింగ్ జరిగే ఆఖరి వారంలో, లాక్ అయిందన్న ఎడిట్‌ను అర్ధరాత్రి మళ్లీ కోస్తారు. దర్శకుడికి రాగం పేరు తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. 'ఇక్కడ... ఇలా... ఏదో ఒకటి...' అంటూ గుండె దగ్గర చెయ్యి తిప్పుతాడు. ఆ తిప్పడంలో సగం సంగీతం ఉంటుంది. అది ఏ కెమెరాకూ దొరకదు, పక్కన కూర్చున్నవాడికే దొరుకుతుంది. సినిమా ఆడకపోతే నింద వేయడానికీ ఒక మనిషి చేతికందే దూరంలో ఉండాలి. నా దాకా రావాలంటే వందే భారత్ ఎక్కినా ఎనిమిదిన్నర గంటలకు తక్కువ పట్టదు. ఆలోగా కోపం చల్లారిపోతుంది.

అందుకని మా బావమరిదిని దించాను. కూకట్‌పల్లిలో బోరు మోటార్లు అమ్ముతాడు. సంగీతంతో వాడికున్న చుట్టరికం నేనే. కృష్ణానగర్‌లో ఒక గది తీసుకుని, కీబోర్డు ఒకటి పెట్టి, దాన్ని ముట్టుకోవద్దని చెప్పాను. నేను భీమిలి నుంచి ఫైలు పంపితే వాడు లాప్‌టాప్‌లో మోగిస్తాడు. దర్శకుడు గుండె దగ్గర చెయ్యి తిప్పితే వాడూ తిప్పుతాడు. 'ఇక్కడ కొంచెం లేపుదాం సార్' అంటాడు. బోర్ల వ్యాపారంలో ఉన్నవాడు గనక అది కాస్త నమ్మకంగానే అంటాడు. టీకి మొహమాటపడడు. ఎంతసేపైనా కాచుకుంటాడు, విసుక్కోడు.

పాటలు హైదరాబాద్‌లో పుడితే వచ్చే ఆ ఫీలే వేరని నిర్మాతగారు మురిసిపోయారట. ఆ మధ్య వాడు అందరితోపాటు బ్యాంకాక్ కూడా వెళ్లొచ్చాడు. మొన్న ఫోన్ చేశాడు.

'బావా, నెక్స్ట్ సినిమా నాకే ఇచ్చారు. ఓ నాలుగు ట్యూన్లు రఫ్‌గా కొట్టి పంపు. డబ్బుల సంగతి రిలీజయ్యాక చూద్దాం. మనవాళ్లమే కదా!'